సంతకం పెట్టే ముందు... కంపెనీ, ఎల్.ఎల్.పి. నియమాలపై ఒక పాఠం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని కమిటీవారు అడిగారు. పోటీ పరీక్షల గురించి, వ్యక్తిత్వ వికాసం గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. మేము ఆరుగురం పాత విద్యార్థులం కలిసి తిరుపతిలో ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేసే చిన్న సంస్థ నడుపుతున్నాం. సంస్థ పెట్టేటప్పుడు తెలియక మేము పడిన ఇబ్బందులే ఈ పాఠానికి కారణం. మీలో కొందరు రేపు వ్యాపారం పెడతారు. ఇంకా ఎక్కువమంది ఇతరుల సంస్థల్లో పనికి చేరతారు. ఇద్దరికీ ఈ విషయాలు అవసరమే.

మెస్ కమిటీలో ఉన్నవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. నెలాఖరున స్టాకు రిజిస్టరులో మనం సంతకం చేయాలి. బస్తాలు చూడకుండా సంతకం చేయబోతే మా వార్డెన్ సారు ఒప్పుకునేవారు కాదు. "లెక్కపెట్టి పెట్టరా, రేపు అడిగేది నిన్నే" అనేవారు. అప్పట్లో అది చాదస్తం అనుకున్నాం.

మా మిత్రుడికి ఏం జరిగింది?

మా బ్యాచ్‌లో అందరికన్నా బాగా పని తెలిసినవాడు డిప్లొమా అయ్యాక 2012లో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాడు. ఆ ఏడాది నుంచే కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు చేసే కొనుగోళ్లలో చిన్న పరిశ్రమలకు కొంత భాగం, అందులో ఎస్సీ, ఎస్టీల సంస్థలకు 4 శాతం కేటాయించే విధానం అమలులోకి వచ్చింది. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అయితే అందులో ఎస్సీ, ఎస్టీల వాటా కనీసం 51 శాతం ఉండాలి. యజమాని మావాడి కుల ధ్రువీకరణ పత్రం, పాన్ కార్డు, ఫోటోలు తీసుకున్నాడు. "ఊరికే సంతకం పెట్రా అబ్బోడా, నీకేం కాదులే" అన్నాడు. కాగితం మీద మావాడు 51 శాతం వాటాదారు, డైరెక్టరు. చేతికి వచ్చేది మాత్రం నెల జీతమే.

2014లో యజమాని ఆ వ్యాపారం వదిలేశాడు. మావాడు వేరే ఉద్యోగంలో చేరాడు. కంపెనీ మాత్రం కాగితం మీద బతికే ఉంది. దాని లెక్కలు ఎవరూ దాఖలు చేయలేదు. 2017లో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దేశమంతటా ఇలా లెక్కలు చూపని 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లు రిజిస్టరు నుంచి కొట్టివేసింది. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు లెక్కలు దాఖలు చేయని కంపెనీల డైరెక్టర్లు 3 లక్షల మందికి పైగా అనర్హులయ్యారు. ఆ జాబితాలో మావాడు కూడా ఉన్నాడు. ఆ సంగతి వాడికి తెలియదు. పాత పన్ను బకాయి గురించి వాడి పేరిట ఊరికి నోటీసు పోతే, చదువురాని వాళ్లమ్మ పక్కింటి పిల్లవాడితో చదివించుకుని రెండు రోజులు అన్నం తినలేదు.

2018లో మేము ఆరుగురం ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పెడదామని ఆడిటరు దగ్గరకు వెళ్లినప్పుడు అసలు విషయం బయటపడింది. వాడి డైరెక్టరు నంబరు ఎదురుగా 'అనర్హత: 1-11-2016 నుండి 31-10-2021 వరకు' అని ఉంది. ఆ ఏడాది ప్రభుత్వం ఆలస్య మన్నింపు పథకం ఒకటి పెట్టింది కానీ, పేరు కొట్టివేసిన కంపెనీని ముందు ట్రిబ్యునల్‌కు వెళ్లి బతికించుకుంటే తప్ప అది వర్తించదు. అంత ఖర్చు వాడు పెట్టలేడు. మాలో అందరికన్నా పనిమంతుడు అయిదేళ్లపాటు ఏ కంపెనీలోనూ కొత్తగా డైరెక్టరు కాలేకపోయాడు.

చివరికి మేము ఎల్.ఎల్.పి. పెట్టి, వాడిని బాధ్యతలు లేని మామూలు భాగస్వామిగా చేర్చుకున్నాం. ఇక పాఠంలోకి వద్దాం.

1. పరిమిత బాధ్యత అంటే ఏమిటి?

నలుగురు కలిసి మామూలు భాగస్వామ్య సంస్థ పెట్టారనుకుందాం. ఇది 1932 నాటి భాగస్వామ్య చట్టం కిందికి వస్తుంది. సంస్థ అప్పుపడితే, ఒక భాగస్వామి చేసిన అప్పుకైనా సరే, మిగతావారి ఇల్లు, పొలం కూడా జప్తుకు రావచ్చు.

కంపెనీలోనైతే కంపెనీ వేరు, సభ్యులు వేరు. మీరు 50 వేల రూపాయల వాటా తీసుకుని పూర్తిగా కట్టేస్తే, కంపెనీ దివాలా తీసినా మీకు పోయేది ఆ 50 వేలే. దీనినే పరిమిత బాధ్యత అంటారు. కంపెనీకి ఉన్న ఈ రక్షణను, భాగస్వామ్యానికి ఉన్న వెసులుబాటును కలిపి తెచ్చిందే లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్, అంటే ఎల్.ఎల్.పి. దీని చట్టం 2008 నాటిది, 2009 మార్చి 31న అమలులోకి వచ్చింది.

అయితే ఈ రక్షణకు మినహాయింపులు ఉన్నాయి. బ్యాంకు అప్పుకు మీరు సొంత హామీ సంతకం చేస్తే ఆ మేరకు మీ ఆస్తి బాధ్యత పడుతుంది. మోసపూరితంగా వ్యాపారం చేస్తే అందులో పాలుపంచుకున్నవారికి పరిమితి లేదు. ఆదాయపు పన్ను బకాయి సంస్థ నుంచి రాబట్టలేకపోతే, ప్రైవేటు కంపెనీ డైరెక్టర్లను, ఎల్.ఎల్.పి. భాగస్వాములను అడగవచ్చు. తమ నిర్లక్ష్యం లేదని వారే రుజువు చేసుకోవాలి.

2. ఏ సంస్థలో ఎంతమంది?

భాగస్వామ్య సంస్థ: కనీసం ఇద్దరు, గరిష్ఠంగా 50 మంది.

ఎల్.ఎల్.పి.: కనీసం ఇద్దరు. గరిష్ఠ పరిమితి లేదు. వీరిలో ఇద్దరిని 'డెసిగ్నేటెడ్ పార్ట్‌నర్లు'గా చూపాలి. ఫారాలకు, జరిమానాలకు జవాబు చెప్పుకోవలసింది వీరే. ఇద్దరిలో ఒకరైనా ఏడాదిలో 120 రోజులు ఇండియాలో ఉన్నవారై ఉండాలి.

ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ: సభ్యులు 2 నుండి 200 వరకు. కనీసం ఇద్దరు డైరెక్టర్లు. అంతకుమించి ఎదగాలంటే పబ్లిక్ కంపెనీగా మారవచ్చు. మన కరకంబాడిలోని అమరరాజా బ్యాటరీస్ 1985లో ప్రైవేటు లిమిటెడ్‌గానే పుట్టి, 1990లో పబ్లిక్ కంపెనీ అయింది.

ఏకవ్యక్తి కంపెనీ: 2013 కంపెనీల చట్టంతో వచ్చింది. సభ్యుడు ఒక్కరే. ఆయన తర్వాత ఎవరో ముందే నామినీ పేరు రాయాలి. ఆ నామినీ లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఉత్పత్తిదారుల కంపెనీ: రైతులు, పాడివారు, చేనేతవారు వంటి ఉత్పత్తిదారులకు మాత్రమే. కనీసం 10 మంది కావాలి. వ్యక్తులే సభ్యులైనప్పుడు ఎవరికి ఎన్ని వాటాలున్నా ఒక్కరికి ఒక్క ఓటే. సహకార సంఘం స్వభావం, కంపెనీ చట్టం రెండూ ఇందులో కలిశాయి.

ఈ చివరిదానికి మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఒకప్పుడు పేరుమోసిన చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. ఆ తర్వాత 2014లో తిరుపతి కేంద్రంగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ మొదలైంది. ఇందులో సభ్యులంతా మహిళలే. 27 మందితో మొదలై లక్ష మందికి పైగా పెరిగింది. 2023లో అంతర్జాతీయ డెయిరీ సమాఖ్య పురస్కారం కూడా అందుకుంది. ఒక ఆవు, రెండు ఆవులు ఉన్న ఆడవాళ్లు పాలు పోసి, వాటా కొని, ఓటు వేసే కంపెనీ అది. మన ఇళ్లలోనూ సభ్యులైన అమ్మలు, పెద్దమ్మలు ఉండే ఉంటారు. పేరుకు వాటాదారు కావడానికీ, నిజంగా వాటాదారు కావడానికీ తేడా ఏమిటో వారిని అడిగితే చెబుతారు.

3. ఎక్కడ నమోదు? ఎప్పుడు ఏ ఫారం?

మామూలు భాగస్వామ్య సంస్థను రాష్ట్ర స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖలో జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయాలి. నమోదు తప్పనిసరి కాదు. కానీ నమోదు కాకపోతే బాకీ ఎగ్గొట్టినవారి మీద సంస్థ పేరిట దావా వేయలేరు. అందువల్ల చేయించుకోవడమే మేలు.

కంపెనీ, ఎల్.ఎల్.పి. రెండూ కేంద్ర చట్టాల కింద నడుస్తాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. మన రాష్ట్ర రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ కార్యాలయం విజయవాడలో ఉంది.

ఎల్.ఎల్.పి.కి ముఖ్యమైన గడువులు నాలుగు.

మొదటిది ఫారం 3. సంస్థ నమోదైన 30 రోజుల్లోపు భాగస్వాముల ఒప్పందపత్రం దాఖలు చేయాలి. రెండవది ఫారం 11, అంటే వార్షిక రిటర్ను. ఏటా మే 30 లోపు. మూడవది ఫారం 8, అంటే లెక్కలు, అప్పులు తీర్చే స్తోమత తెలిపే ప్రకటన. ఏటా అక్టోబరు 30 లోపు. నాలుగవది ఫారం 4. భాగస్వామి చేరినా, తప్పుకున్నా 30 రోజుల్లోపు. టర్నోవరు 40 లక్షలు, లేదా మూలధనం 25 లక్షలు దాటితే ఆడిట్ చేయించాలి.

ప్రైవేటు కంపెనీకి ఆడిట్ ఎప్పుడూ తప్పనిసరి, ఒక్క రూపాయి వ్యాపారం లేకపోయినా సరే. ఏటా సెప్టెంబరు 30 లోపు సభ్యుల సర్వసభ్య సమావేశం జరపాలి. అది జరిగిన 30 రోజుల్లో లెక్కల ఫారం ఏ.ఓ.సి.-4, 60 రోజుల్లో వార్షిక రిటర్ను ఎం.జి.టి.-7 దాఖలు చేయాలి. వాటా మూలధనం ఉన్న కొత్త కంపెనీ వ్యాపారం మొదలుపెట్టినట్లు 180 రోజుల్లో ప్రకటన ఇవ్వాలి.

ఆలస్యమైతే ఏమవుతుందో మా అనుభవమే చెబుతాం. మా మూలధనం 3 లక్షలు. దాని ప్రకారం ఫారం 11కు ఫీజు 100 రూపాయలు. మొదటి ఏడాది కదా, వ్యాపారమే సరిగా లేదు, ఏం ఫారంలే అనుకున్నాం. 2019 మే 30 గడువు దాటి ఆగస్టు 11న దాఖలు చేశాం. అప్పట్లో ఆలస్య రుసుము రోజుకు 100 రూపాయలు. 73 రోజులకు 7,300 కట్టాం! వంద రూపాయల ఫారానికి అది దండుగ కాక మరేమిటి? 2022 ఏప్రిల్ నుంచి ఎల్.ఎల్.పి.లకు ఆ పద్ధతి పోయి, ఆలస్యాన్ని బట్టి ఫీజుకు ఇన్ని రెట్లు అనే పట్టిక వచ్చింది. కంపెనీలకు మాత్రం ఒక్కో వార్షిక ఫారానికి రోజుకు 100 చొప్పున, పరిమితి లేకుండా పడుతుంది. రెండు ఫారాలు ఏడాది ఆలస్యమైతే 73,000 రూపాయలు. 'వ్యాపారం లేదు కదా' అన్న మాట రిజిస్ట్రారు దగ్గర చెల్లదు.

రాష్ట్రానికి సంబంధించినవి కొన్ని వేరుగా ఉన్నాయి. ఒప్పందపత్రం మీద స్టాంపు డ్యూటీ కట్టాలి. 1987 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం వృత్తి పన్ను ఉంది. ఉద్యోగి జీతం 15 వేలు దాటితే నెలకు 150, 20 వేలు దాటితే 200 కోసి మనమే కట్టాలి. జి.ఎస్.టి. నమోదుకు మన రాష్ట్రంలో పరిమితి సరుకు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల టర్నోవరు, సేవలకు 20 లక్షలు. మా కాంట్రాక్టు పనులు సేవల కిందికే వస్తాయి.

4. పన్ను లెక్క

కంపెనీకి, ఎల్.ఎల్.పి.కి, భాగస్వామ్య సంస్థకు ఆదాయం సున్నా అయినా, నష్టం వచ్చినా ఏటా ఆదాయపు పన్ను రిటర్ను తప్పదు. రేట్లు ఒక ఉదాహరణతో చూద్దాం. ఇవి 2025-26 ఆర్థిక సంవత్సరపు లెక్కలు.

మా ఎల్.ఎల్.పి.కి భాగస్వాముల పారితోషికం తీయకముందు లాభం 10 లక్షలు అనుకుందాం. పనిచేసే భాగస్వాములకు ఇచ్చే పారితోషికాన్ని ఒక హద్దు వరకు ఖర్చుగా ఒప్పుకుంటారు. మొదటి 6 లక్షల లాభంపై 90 శాతం, అంటే 5,40,000. మిగిలిన 4 లక్షలపై 60 శాతం, అంటే 2,40,000. మొత్తం 7,80,000. ఈ పారితోషికం ఎంతో, ఎలా లెక్కించాలో ఒప్పందపత్రంలో రాసి ఉండాలి. రాయకపోతే ఖర్చుగా ఒప్పుకోరు.

మిగిలింది 2,20,000. దీనిపై 30 శాతం పన్ను 66,000, దానిపై 4 శాతం సెస్సు 2,640. మొత్తం 68,640. ఆ తర్వాత మిగిలిన లాభం పంచుకుంటే భాగస్వాములకు దానిపై మళ్లీ పన్ను లేదు. పారితోషికం మాత్రం వారి సొంత ఆదాయం. ఆరుగురికి సమానంగా అయితే ఒక్కొక్కరికి 1,30,000. వేరే ఆదాయం లేకపోతే కొత్త పద్ధతిలో 4 లక్షల లోపు కాబట్టి పన్ను పడదు. కానీ 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 20 వేలు దాటిన పారితోషికంపై సంస్థ 10 శాతం టి.డి.ఎస్. కోసి కట్టాలి. అంటే ఒక్కొక్కరికి 13,000 ముందే పోతుంది. రిటర్ను వేసినవారికే అది తిరిగి వస్తుంది.

ఇదే ప్రైవేటు కంపెనీ అయి, జీతాలు పోను అంతే మిగిలిందనుకుంటే, చిన్న కంపెనీల 25 శాతం రేటుతో సెస్సు కలిపి 57,200 పన్ను. తక్కువే. కానీ మిగిలినది డివిడెండుగా పంచితే 2020 ఏప్రిల్ నుంచి అది వాటాదారుల చేతిలో మళ్లీ పన్నుకు వస్తుంది. ఆడిట్ ఖర్చు, ఫారాల ఖర్చు కూడా ఎక్కువ. లాభం సంస్థలోనే ఉంచి పెంచాలనుకునేవారికి, బయటి పెట్టుబడి కావాలనుకునేవారికి కంపెనీ నప్పుతుంది. వచ్చినది పంచుకుని బతికే మాలాంటివారికి ఎల్.ఎల్.పి. నప్పింది. మామూలు భాగస్వామ్య సంస్థకు ఒక సౌకర్యం ఉంది. టర్నోవరులో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై 6 శాతం లాభంగా చూపే సులువు పద్ధతి చిన్న వ్యాపారాలకు ఉంది. ఎల్.ఎల్.పి.కి, కంపెనీకి అది లేదు.

5. అమెరికాలోని అన్నలు చెప్పే ఎల్.ఎల్.సి.

అక్కడున్న మన సీనియర్లు ఫోనులో 'ఎల్.ఎల్.సి. పెట్టాను' అంటుంటారు. మన ఎల్.ఎల్.పి., వారి ఎల్.ఎల్.సి. ఒకటి కావు. అక్కడ ఇది రాష్ట్రాల చట్టం. 1977లో వ్యోమింగ్ రాష్ట్రం మొదట చేసింది. నమోదు, రుసుములు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కాలిఫోర్నియాలో ఆదాయం లేకపోయినా ఏటా కనీసం 800 డాలర్లు కట్టాలి. ఒక్క సభ్యుడు ఉన్నా చాలు. సభ్యులు ఆ దేశ పౌరులే కానక్కర లేదు. ఇద్దరు, అంతకు మించి ఉంటే, వేరే పద్ధతి ఎంచుకోనంతవరకు ఆ దేశ కేంద్ర పన్ను శాఖ దానిని భాగస్వామ్యంగా చూస్తుంది. అందరూ వ్యక్తులే అయితే మామూలుగా మార్చి 15 లోపు రిటర్ను వేయాలి.

ఇక్కడ నివసించే మీరు అన్న మాట కాదనలేక అందులో సభ్యులైతే, మన ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో ఆ వాటా చూపాలి. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానాకు అవకాశం ఉంది. సీనియర్లు కూడా తమ్ముళ్లను చేర్చేముందు ఈ మాట చెప్పాలి.

6. సంతకం పెట్టే ముందు, పెట్టిన తర్వాత

ఒకటి: డైరెక్టరుగా ఉంటానని ఇచ్చే అంగీకారపత్రం చదవకుండా సంతకం చేయవద్దు. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లా ఉండే డిజిటల్ సంతకం టోకెన్ ఇస్తారు. దానిని, ఫోనుకు వచ్చే ఓ.టి.పి.ని ఎవరి చేతికీ ఇవ్వవద్దు. అవి మీ వేలిముద్రతో సమానం.

రెండు: ఎవరైనా మీ కుల ధ్రువీకరణ పత్రం అడిగితే మూడు ప్రశ్నలు వేయండి. నా వాటా ఎంత? బ్యాంకు ఖాతాలో నా సంతకం ఉంటుందా? లాభంలో ఆ వంతు నాకు వస్తుందా? మూడింటికీ జవాబు కాగితం మీద లేకపోతే ఆయనకు కావలసింది మీరు కాదు, మీ కాగితం.

మూడు: మీ పేరు ఏ కంపెనీలో ఉందో కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో చూసుకోండి. ఆడిటరు ఆఫీసులో అడిగినా చూసి చెబుతారు.

నాలుగు: బయటకు రావాలంటే మాటతో రావడం కుదరదు. డైరెక్టరు రాజీనామా రాతపూర్వకంగా కంపెనీకి పంపి రసీదు దాచుకోవాలి. కంపెనీ దానిని డి.ఐ.ఆర్.-12లో రిజిస్ట్రారుకు తెలపాలి. తెలపదనిపిస్తే డి.ఐ.ఆర్.-11లో మీరే దాఖలు చేయవచ్చు. ఎల్.ఎల్.పి. నుంచి తప్పుకునేవారు ఒప్పందంలో వేరేగా లేకపోతే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సంస్థ ఫారం వేయదనే అనుమానం ఉంటే రిజిస్ట్రారుకు తామే తెలుపుకోవచ్చు. తెలిపేదాకా బయటివారి దృష్టిలో మీరు భాగస్వామే. మావాడు 2014లో ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ అయిదేళ్లు పోయేవి కావు.

అయిదు: నడవని సంస్థను అలా వదిలేయవద్దు. లెక్కలు ముగించి, పేరు తొలగించమని మనమే దరఖాస్తు చేసుకోవచ్చు.

ముగింపు

బాబాసాహెబ్ అంబేద్కర్ 1925 నుండి 1928 వరకు బొంబాయిలో ఒక అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వాణిజ్య చట్టం బోధించారని మనలో ఎంతమందికి తెలుసు? వ్యాపార చట్టాలు మనకెందుకులే అనుకోవద్దని చెప్పడానికే ఈ మాట గుర్తుచేస్తున్నాం.

2021 నవంబరులో మా మిత్రుడి అనర్హత తీరింది. ఆ మరుసటి వారమే ఆడిటరు దగ్గరకు వెళ్లి వాడి నంబరును మళ్లీ పనిచేయించే కాగితాలు మొదలుపెట్టాం. ఇప్పుడు వాడు మా సంస్థలో డెసిగ్నేటెడ్ పార్ట్‌నరు. మే 30, అక్టోబరు 30 తేదీలు ఆఫీసు గోడమీది క్యాలెండరులో ఎర్ర సిరాతో చుట్టేది వాడే. మేము ఏ కాగితం తెచ్చినా మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివిస్తాడు. విసుక్కుంటే వార్డెన్ సారు మాటే అంటాడు: "లెక్కపెట్టి పెట్టరా, రేపు అడిగేది నిన్నే."

తమ్ముళ్లూ, రేట్లు, రుసుములు ఏటా మారుతుంటాయి. ఫైలు చేసేముందు ఆ ఏటి లెక్క చూసుకోండి. ఎవరైనా మీ ముందు కాగితం పెట్టి సంతకం అడిగితే, తిరుపతికి వచ్చినప్పుడు ఆ కాగితంతో మా దగ్గరకు రండి. కలిసి చదువుదాం.

మీ పాత విద్యార్థులు